ఖాళీ గడి

టీకాల ఫ్రిజ్ తలుపుకి దారంతో ఒక కాగితం వేలాడుతుంది.
రోజుకి రెండు గడులు.
రెండుకీ ఎనిమిదికీ మధ్య ఏ అంకె ఉన్నా మందు బతికున్నట్టే.
పదకొండేళ్లుగా నా చెయ్యి నాలుగు రాస్తోంది,
చీకట్లో తాళం తీసినంత అలవాటుగా.

శనివారం చెల్లెలి పెళ్లికని లాంచీ ఎక్కాను.
సరస్సు అవతల డోళ్లు, మేకమాంసం, నవ్వులు.
ఆదివారం అక్కడి చర్చిలో తెల్ల జాకెట్టు తొడుక్కుని
ఆడవాళ్ల వరసలో నిలబడి పాడాను.
గొంతు బాగా పలికిందని ఎవరో మెచ్చుకున్నారు కూడా.
సోమవారం తెల్లారకముందే తిరిగొస్తే
మూడు గడులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

కరెంటు పోయిందా అని కాపలా లాజరోని అడిగాను.
"అది పోని రోజేదమ్మా?"
ఎంతసేపు?
తల గోక్కున్నాడు. పాపం, అతనికీ నిద్రుంటుంది.

ఊరెళ్లేటప్పుడు పై అరలో, గ్లాసులో గడ్డకట్టిన నీళ్ల మీద
ఒక క్వాచా బిళ్ల పెట్టి వెళ్తాను.
ఐసు కరిగితే బిళ్ల దిగుతుంది,
మళ్లీ గడ్డకట్టినా పైకి రాదు.
అడుగున ఉంటే మందు పారేసేదాన్ని,
పైనుంటే నిశ్చింతగా వాడేసేదాన్ని.
బిళ్ల సగంలో ఆగింది,
సాక్ష్యం చెప్పడానికి లేచి గుటక మింగిన మనిషిలా.
మీటరు మాత్రం నాలుగే చూపిస్తోంది, ఏ పాపం ఎరగనట్టు.

"మూడు నాలుగులు రాసెయ్, టీ తాగుదాం" అంది తియామికే.
"దేవుడు గడులు లెక్కపెడుతూ కూర్చుంటాడా?"
ఫోన్లో కచింగ్వే సారు కూడా ఆ మాటే,
కాస్త మర్యాదగా.
గురువారం జిల్లా నుంచి తనిఖీ ఉందిట.

వాళ్లు చెడ్డవాళ్లని రాయలేను.
బయట వేపచెట్టు కింద ముప్ఫై ఆరుగురు తల్లులు.
పక్క ఊళ్లో తట్టు పోసి పది రోజులైంది.
నా చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికి
వాళ్ల కాళ్లు అరగాలా?

కాగితం వెనక్కి తిప్పాను. పోయిన నెల. అంతకు ముందు నెల.
నాలుగు, నాలుగు, నాలుగు.
ప్రభువా, వీటిలో ఎన్ని చూసి రాశాను?
బజారులో ఉసిపా చేపలు తక్కువ తూచిందని
ఒక ముసలమ్మని నలుగురిలో కడిగేసిన నోరు ఇదే.

అప్పుడొక్కటే తోచింది.
చచ్చిన మందు పొడిచి పంపిస్తే
ఆ తల్లి ఇక భయపడడం మానేస్తుంది.
జ్వరమొచ్చినా, మా పాపకి టీకా పడిందిగా అనుకుంటుంది.
ఆ ధైర్యం నేనిచ్చిన దొంగనోటవుతుంది.

మూడు గడులూ ఖాళీగా వదిలాను.
పక్కన సన్నగా రాశాను: నేను లేను. చూడలేదు.
సీసాలన్నీ పెట్టెలో సర్ది, మీద "వాడొద్దు" అని అంటించాను.

తర్వాత వేపచెట్టు దగ్గరికి నడిచాను.
ఇరవై అడుగులుంటుందేమో.
తప్పు నాది, తాళం నాది, గురువారం రండి అన్నాను.
కొందరు తిట్టారు. తిట్టినవాళ్లు నయం.
కవల పిల్లలతో వాగు దాటొచ్చిన నాసిబెకో ఏమీ అనలేదు.
ఒకణ్ణి వీపుకి కట్టుకుంది, ఇంకొకణ్ణి చంకనేసుకుంది,
తాగడానికి నీళ్లడిగింది.
గ్లాసు తిరిగిచ్చేటప్పుడు నా మొహం చూడలేదు.
గురువారం వస్తుందో రాదో.

సారు సంజాయిషీ కాగితం పంపుతానన్నారు.
తియామికే నాతో టీ తాగలేదు.
గుండె తేలికపడుతుందంటారు, నాకేం పడలేదు.
ఆకలి మాత్రం వేసింది. చల్లారిన న్సిమా తిన్నాను.

సాయంత్రం ఫ్రిజ్ దగ్గర వంగి
కళ్లద్దాలు తుడుచుకుని మీటరు చూశాను.
పెన్ను అప్పుడే నాలుగు వైపు ఒంపు తిరుగుతోంది.
ఆపి, మళ్లీ చూశాను.

ఐదు.